మధ్యాహ్నం పూట ఆగిపోయే కంప్యూటర్

మా ఊళ్ళో ఎవరింట్లో కంప్యూటర్ మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది. పర్చూరులో చాలాకాలం శుభలేఖలూ, కరపత్రాలూ టైపు చేసి అచ్చుకిచ్చే చిన్న కొట్టు నడిపాను. కొట్టు మూసేశాను గానీ ఆ పేరు మాత్రం నన్ను వదల్లేదు. "కంప్యూటరావిడ" అంటే చుట్టుపక్కల నాలుగు వీధులకీ నేనే. నేను ఇంజనీరింగ్ చదవలేదు. కొట్టులో మిషన్ పాడైనప్పుడల్లా మెకానిక్ వచ్చేదాకా ఆగే ఓపిక లేక నేనే మరలు విప్పి చూసేదాన్ని. అట్లా అబ్బిన విద్యే ఇదంతా.

ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ మొదట చెప్పే మాట ఒకటే. "నేనేం చెయ్యలేదండీ, దానంతటదే పోయింది." ఈ మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. నేనేమన్నా పోలీసునా? తప్పెవరిదో తేల్చడానికి వస్తున్నానా? నాకు కావలసింది ఏం జరిగిందో తెలుసుకోవడం. కానీ "ఏం చేశారు?" అని అడిగితే చాలు, ఎదుటి మనిషి నోరు కట్టేసినట్టయిపోతుంది. అందుకని కొన్నాళ్ళకి ఆ ప్రశ్నే మానేశాను. "అది ఆగిపోయే ముందు ఇంట్లో ఏం జరుగుతోంది?" అని అడగడం మొదలుపెట్టాను. ఇక చూడండి, గేటు ఎత్తిన కాలవలాగా మాటలు వస్తాయి. మిక్సీ వేశామని, మోటారు ఆన్ చేశామని, తోడికోడలు అలిగి కూర్చుందని, అన్నీ చెబుతారు. అందులో ఎక్కడో ఒక చోట మనకి కావలసింది దొరుకుతుంది.

నిజం చెప్పాలంటే నేను వెళ్ళేది సాయం చెయ్యాలన్న గొప్ప బుద్ధితో కాదు. కుతూహలం. ఇంకొకరింట్లో ఒక మిషన్ ఎందుకు ఆగిపోయిందో తెలియకపోతే నాకు అన్నం సయించదు.

ఒకాయన ఇంట్లో ఇంటర్నెట్ వంటింటి దాకా కూడా వచ్చేది కాదు. వెళ్ళి చూస్తే ఆ వైఫై డబ్బాని ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. దొంగల భయమట. వైరు దూర్చడానికి బీరువా వెనక చిల్లు కూడా పొడిపించాడు మహానుభావుడు. ఇనుములోంచి ఆ సిగ్నల్ బయటికి రాదని చెబితే, "మరి దొంగొస్తే?" అన్నాడు. డబ్బాని బీరువా మీద పెట్టి, తాళం నా చేతిలో పెట్టించుకుని వచ్చాను. రెండు రోజుల తర్వాత వచ్చి తీసుకెళ్ళాడు. మా చర్చి పాస్టరుగారింట్లో ప్రింటర్ ఆదివారం పాటల కాగితాలు నమిలి మింగేది. కాగితాల కట్ట మంచినీళ్ళ కుండ పక్కన పెట్టుకున్నారు. చెమ్మ పట్టిన కాగితాన్ని ఏ ప్రింటరూ సజావుగా లాగలేదు. కట్ట చోటు మార్పించాను. పాస్టరమ్మగారు ఆ మధ్యాహ్నం నన్ను భోంచెయ్యకుండా పంపలేదు. ఇంకో ఇంట్లో తెర మొత్తం నల్లగా అయిపోయిందని గోల. పనమ్మాయి రోజూ తడిగుడ్డతో తుడిచేటప్పుడు తెర కింద మీట నొక్కుకుపోతోంది, అంతే.

సగం జబ్బులకి మందు ఒకటే. ఆపాలి, కాసేపాగాలి, మళ్ళీ వెయ్యాలి. ఇందులో మొదటిదీ చివరిదీ అందరూ చేస్తారు. మధ్యలో కాసేపాగడమే ఎవరికీ చేతకాదు. నాకూ చేతకాదనుకోండి, అది వేరే సంగతి.

ఇక మా వీధి చివర ఇంటి విషయం. ఆ ఇంటావిడ వరసకి నాకు అక్క అవుతుంది. చుట్టరికం దూరందే గానీ ఒక వీధిలో ఉండటం వల్ల దగ్గరైంది. మిరపా పత్తీ వేసే రైతు కుటుంబం. అక్క మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటల్లో కూడా ముందు వెనకలు ఉండవు. "వచ్చావా?" అంటుంది. రమ్మన్నట్టా, ఎందుకొచ్చావన్నట్టా తెలియదు. ఇన్నేళ్ళ అలవాటు మీద నాకు తెలుస్తుంది గానీ, కొత్తవాళ్ళకి తెలియడం కష్టం. ఆ ఇంటికి కొత్తగా వచ్చింది కోడలు పిల్ల. గుంటూరులో పెరిగి ఎమ్మెస్సీ లెక్కలు చదివింది. పెళ్ళికి ముందు నుంచే గల్ఫ్ దేశాల్లో ఉంటున్న తెలుగు పిల్లలకి కంప్యూటర్ మీద లెక్కలు చెబుతోంది. పెళ్ళయ్యాక తన జీతంతో కొనుక్కున్న పెద్ద కంప్యూటర్‌నీ, దాని బల్లనీ వెంట తెచ్చుకుంది. వసారా పక్క గదిలో పెట్టుకుంది. అక్కడ బడులు వదిలే వేళకి మనకి మధ్యాహ్నం మూడు దాటుతుంది. అప్పటి నుంచి పొద్దు వాలేదాకా తలుపేసుకుని పాఠాలు చెప్పుకునేది.

మిరప కోతలు మొదలైన కొన్నాళ్ళకి ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. మొహంలో కళ లేదు.

"ఆంటీ, క్లాసు మధ్యలో కంప్యూటర్ ఆగిపోతోంది. దాదాపు రోజూ. కంపెనీ వాళ్ళు ఇప్పటికే గట్టిగా చెప్పారు. ఇట్లాగే అయితే నా పిల్లల్ని వేరే టీచర్‌కి ఇచ్చేస్తారంట."

నేను ఎప్పటిలాగే నా ప్రశ్నలు మొదలుపెట్టాను. ఆగే ముందు ఏమవుతుంది? లోపల హోరున చప్పుడు వస్తుంది. తర్వాత? టప్పున ఆగిపోతుంది. వెంటనే నొక్కితే? రాదు. కాసేపాగితే? వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. పొద్దున్నపూట? అస్సలు ఆగదు. ఎంతసేపు వాడినా ఆగదు.

వేడి, అనుకున్నాను. మిషనే చెప్పినంత స్పష్టంగా ఉంది. అందరూ సీపీయూ అనే ఆ నల్లడబ్బా లోపల పని చేసేకొద్దీ వేడెక్కుతుంది. లోపల చిన్న ఫ్యాన్లు ఉంటాయి. ఒక పక్క నుంచి గాలి లాక్కుని, వెనక నుంచి బయటికి నెడతాయి. ఆ గాలి ఆడకపోతే వేడి పెరిగి, కాలిపోకుండా తనని తానే కాపాడుకోవడానికి అది ఆగిపోతుంది. ఇది చెడిపోవడం కాదు, బుద్ధి కలిగి ఉండటం. ఆ మాట చెబితే కోడలు పిల్లకి నవ్వొచ్చింది. చాలా రోజులకి నవ్విందేమో, బుగ్గ మీద సొట్ట చూసి నాకు ముచ్చటేసింది.

మర్నాడు పొద్దున్నే సైకిల్ పంపు పట్టుకుని వెళ్ళాను. ఆ డబ్బా బల్ల కింద అరలో, వీపు గోడకి ఆనుకుని ఉంది. బయటికి లాగి, వాకిట్లో గోనెపట్టా మీద పెట్టి, పక్క రేకు విప్పాను. లోపలంతా ఎర్రగా ఉంది. మా వైపు దుమ్ము నల్లగా ఉంటుంది, నల్లరేగడి కదా. కానీ మిరపకాయల కాలంలో ఇంట్లో దుమ్ము రంగు మారిపోతుంది. కల్లంలో ఎండిన కాయని వీళ్ళు ఇంటికి తోలుకొస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక కూలివాళ్ళు వసారాలో నీడపట్టున కూర్చుని తాలుకాయలు ఏరతారు. రంగు మారిన కాయ ఒక పక్క, మంచి కాయ ఒక పక్క. ఆ కదిలించడంలో లేచే ఘాటు ఇల్లంతా కమ్ముతుంది. అలవాటున్నవాళ్ళు ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టుకుంటారు.

పంపుతో నాలుగు దెబ్బలు కొట్టానో లేదో, ఎర్రటి పొడి గుప్పున లేచింది. నేను తుమ్ముతున్నాను, కోడలు పిల్ల తుమ్ముతోంది, ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి తుమ్ముతున్నారు. అక్క మాత్రం కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గుమ్మంలో నిలబడి, ఆ పొడినే చూస్తోంది.

"అంత పోయిందా లోపలికి?" అంది.

"చూశావుగా అక్కా! ఇదే రోగం. ఇక ఢోకా లేదు" అన్నాను గొప్పగా. కాఫీ తాగి, దర్జాగా ఇంటికొచ్చాను.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ ఆగిపోయింది.

నా పరువు పోయినట్టయింది. ఆ పిల్ల ఏమీ అనలేదు గానీ, అననందుకే నాకు మరీ కష్టంగా అనిపించింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరం డబ్బాని ఆటోలో వేసుకుని చీరాల తీసుకెళ్ళాం. నా కొట్టు రోజుల నుంచీ తెలిసిన మెకానిక్ ఉన్నాడక్కడ. పొద్దుగూకేదాకా నడిపించాడు. ఒక పక్క సినిమా, ఇంకో పక్క పాటలు, పైన ఏదో పరీక్ష చేసే ప్రోగ్రాం. బయట ఎండ మండిపోతోంది, వాడి కొట్టులో ఉన్న ఒక్క ఫ్యానూ వాడి నెత్తి మీదే తిరుగుతోంది. అయినా ఆగలేదు.

"డబ్బాలో ఏం లేదక్కా. మీ ఇంట్లో చూసుకోండి" అన్నాడు.

ఆ మాటతో ఊళ్ళో అందరికీ నోరొచ్చింది. కరెంటు ఎగుడుదిగుళ్ళే కారణమని బావగారు తేల్చారు. స్టెబిలైజర్ పెట్టించారు, ఆగిపోయింది. బల్ల దక్షిణం గోడకి ఉండటమే కారణమని ఎవరో చెబితే తూర్పు గోడకి మార్చారు, అయినా ఆగిపోయింది. వైరస్ ఎక్కిందని కోడలు పిల్ల మొగుడు ఎక్కడో విని వచ్చి చెప్పాడు. మధ్యాహ్నం పూట మాత్రమే ఎక్కి, పొద్దున్నే దిగిపోయే వైరస్ ఏంటయ్యా అని కసిరాను. నేను మటుకు పొద్దున్నే వెళ్ళి, డబ్బా లాగి, చిల్లుల దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని. గాలి చక్కగా వస్తుండేది. అన్నీ శుభ్రంగా ఉండేవి. ఏం చెయ్యాలో తోచక ఇంటికొచ్చేదాన్ని. కూర మాడ్చేదాన్ని.

అప్పుడు బుర్ర తిరగేసి ఆలోచించాను. ఆగిపోయిన రోజుల్ని పట్టుకుని వేలాడుతున్నాను గానీ, ఆగని రోజులేవని అడగలేదు. అడిగాను. ఆ గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాం ఇద్దరమూ. కోడలు పిల్ల వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టి చెప్పింది.

"అత్తయ్య వేటపాలెంలో చుట్టాల పెళ్ళికి వెళ్ళారు చూడండి, ఆ రోజుల్లో ఆగలేదు."

"అప్పుడు కూలోళ్ళు రాలేదేమో?"

"వచ్చారాంటీ. మామయ్యగారు దగ్గరుండి ఏరించారు. ఘాటు అట్లాగే ఉంది. కరెంటూ అదే. అత్తయ్య ఒక్కరే లేరు."

ఆ పిల్లకి ఎన్నాళ్ళ నుంచి గొంతులో ఉందో, ఒక్కసారిగా బయటపడింది.

"ఆవిడే ఏదో చేస్తున్నారు. నాకు మొదటి నుంచీ అనుమానమే. నేను తలుపేసుకుంటే ఆవిడకి నచ్చదు. 'మూడయ్యేసరికి తలుపేసుకుంటావు' అంటారు. బయటికి రాగానే 'అయిందా?' అంటారు, ఇంకేం అనరు. ఒక్క రోజు కూడా ఏం చెబుతున్నావని అడిగింది లేదు. ఉద్యోగం పోతే ఇంటిపట్టున ఉండి మిరపకాయలు ఏరతానని ఆవిడ ఆశ. ఇంకొక్కసారి ఆగితే క్లాసు తీసేస్తామని నిన్న మెయిల్ వచ్చింది. అట్లా అయితే నేనిక్కడ ఉండలేను. గుంటూరులో నా ఫ్రెండ్ రూముకి వెళ్ళిపోతాను. ఆయనకీ చెప్పేశాను."

"మెల్లగా. వసారా వైపు కిటికీ తీసుంది" అన్నాను.

"వింటే విననివ్వండి" అంది.

ఇంటికి నడుస్తూ ఉంటే నాకు చెప్పలేనంత చిరాకేసింది. ఆ పిల్ల మీద కాదు. లెక్క మీద. లెక్కల టీచరు కదా, తప్పు లేకుండా కట్టింది. అక్క ఉంటే ఆగుతోంది, లేకపోతే ఆగట్లేదు. నేను అక్కని ఎరుగుదును. చాటున ఒకరికి చెడు చేసే మనిషి కాదు. కానీ ఎరగడమనేది జవాబు కాదు గదా. మిషన్ విషయంలో నేను ఎవరి మాటా నమ్మను, నా మాటతో సహా. ఇప్పుడు నాకు నచ్చని జవాబు వచ్చిందని ఆ పద్ధతి వదిలేస్తానా?

మర్నాడు భోజనం కాగానే బయల్దేరాను. ఇన్నాళ్ళూ పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నపు జబ్బు వెతుకుతున్నానని అప్పటికి గాని తట్టలేదు. రోగి పడుకున్నప్పుడు వచ్చి, నిద్రలేచే వేళకి వెళ్ళిపోయే డాక్టరు ఎవరైనా ఉంటారా?

వసారాలో ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చున్నారు, మూతులకి గుడ్డలు కట్టుకుని. అక్క వాళ్ళ మధ్యలో ఉంది. నన్ను చూసి తలూపింది. గదిలోకి వెళ్ళేసరికి కోడలు పిల్ల జుట్టు దువ్వుకుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకోబోతోంది. పాఠం మొదలవడానికి ఇంకా వ్యవధి ఉంది. కంప్యూటర్ ఆన్ చేసి కాసేపే అయింది. అప్పుడే హోరు మొదలైంది.

"ఇవ్వాళ మరీ తొందరగా మొదలైంది" అంది, ఏడుపు గొంతుతో. "ఇంతకు ముందు కనీసం ఒక క్లాసన్నా అయ్యేది."

నేను కింద కూర్చుని, బల్ల అరలోంచి చెయ్యి దూర్చి, డబ్బా వీపు మీద పెట్టాను. అంత హోరు వస్తున్నప్పుడు వెనక నుంచి వేడిగాలి అరచేతిని తోసెయ్యాలి. గాలి లేదు. రేకు మాత్రం కాలుతోంది. ఏదో మెత్తగా తగిలింది. ఒక్కక్షణం బల్లి ఏమోనని చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఫోన్ లైటు వేసి, తల గోడకి ఆనించి చూశాను.

తెల్లగా ఉంది. పత్తి. గింజ తీసి, వేళ్ళతో విడదీసి, చక్కగా పొర మీద పొర పేర్చి, వెనక ఉన్న గాలి చిల్లులన్నిటికీ దట్టించి పెట్టారు. పక్క రేకుకున్న చిల్లుల్లో కూడా. ఎక్కడా సందు లేదు. ఎవరు చేసినా ఎంతో ఓపికగా చేశారు.

ముందు కంప్యూటర్ ఆపించాను. డబ్బా బయటికి లాగి, పత్తి పీకాను. వెనకది తెల్లగానే ఉంది. పక్క చిల్లుల్లోది మాత్రం బయటి వైపంతా ఎర్రగా అయిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే తుమ్మొచ్చింది. అప్పుడు నాకు అర్థమైంది. అర్థమైనందుకు సంతోషించడానికి కూడా వ్యవధి లేకుండా, కోడలు పిల్ల నా చేతిలోంచి ఆ పత్తి లాక్కుని వసారాలోకి వెళ్ళిపోయింది.

"అత్తయ్యా, ఇది మీరేనా పెట్టింది?"

ఏరుతున్న చేతులన్నీ ఆగిపోయాయి. అక్క మూతికున్న గుడ్డ కిందికి లాగింది.

"నేనే. ఎందుకు తీశావు? ఇంకా ఏరడం అవలేదుగా, ఘాటు పోతుంది లోపలికి."

అంత మామూలుగా చెప్పేసరికి ఆ పిల్ల పత్తి చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. నేను వెనకే వెళ్ళి, "ఎప్పటి నుంచి పెడుతున్నావక్కా?" అని అడిగాను.

"ఏరడం మొదలైన కాడి నుంచీ. బల్ల మీద ఎర్రగా పొడి పడతుంటే చూశా. భోజనాలయ్యాక ఈ పిల్ల కాసేపు నడుం వాలుస్తదిగా, అప్పుడు పెడతా. పొద్దుగూకాక తీసేస్తా, రాత్రికి ఘాటుండదు గదా. ఆ మధ్య నువ్వే పంపు కొట్టి చూపించావు, కడుపులో ఎంత పొడుందో. అప్పటి నుంచి ఇంకొంచెం జాగ్రత్తగా పెడతన్నా."

ఒక్కొక్కటే వచ్చి సరిగ్గా కూర్చుంది. పొద్దున్నే నేను వెళ్ళేటప్పటికి పత్తి ఉండదు. చీరాలలో ఘాటు లేదు, అందుకని పత్తీ లేదు. అక్క పెళ్ళికి వెళ్తే పెట్టేవాళ్ళు లేరు. మామూలుగా ఇట్లా ముడి విడితే నాకు పండగలా ఉంటుంది. ఆ రోజు మాత్రం లేదు.

"అక్కా, దానికి గాలి ఆడాలి. ఆ చిల్లులు అందుకే ఉన్నాయి. అవి మూస్తే లోపల ఉడికిపోయి, ఆగిపోతుంది" అన్నాను, నాకు చేతనైనంత మెల్లగా.

అక్క నా వంక చూసింది. ఆ పత్తి వంక చూసింది. మొహం పాలిపోయింది.

"అంటే, ఇన్నాళ్ళూ ఆపింది నేనేనా?"

అక్క ఆ పిల్ల వైపు తిరిగింది. "మాకు మూతికి గుడ్డ కట్టుకోవటం అలవాటేనమ్మా. నువ్వు గుడ్డ కట్టుకుంటే పిల్లలకి నీ మాట వినపడదు. దగ్గుకుంటానే చెబుతన్నావు, లోపల్నించి వినపడుతూనే ఉండేది. నీ ముక్కుకి ఏం చెయ్యలేకపోయా. కనీసం దానికన్నా ఘాటు తగలకుండా చూద్దామని."

"ఒక్క మాట చెప్పొచ్చు కదత్తయ్యా" అంది ఆ పిల్ల.

"చెప్పేదేముంది అందులో? ఇంట్లో వస్తువు, మూత పెట్టా."

అప్పుడు కోడలు పిల్ల, తను చెయ్యకపోయినా ఎవరూ తప్పు పట్టని పని ఒకటి చేసింది. "నేను మీ గురించి చాలా అన్నాను. నిన్న ఆంటీతో అన్నాను" అంది, అంతమంది కూలివాళ్ళ ముందు.

"విన్నా" అంది అక్క.

"విన్నారా?"

"కిటికీ తీసుందిగా. నేనేదో చేస్తన్నానన్నావు. ఏం చేస్తన్నానో నాకే అర్థం కాలా. అది ఇంకోసారి ఆగితే పోతానన్నావు చూడు, అది మాత్రం అర్థమైంది. భయమేసింది. అందుకనే ఇవ్వాళ ఇంకాస్త దట్టంగా పెట్టా."

ఆ పిల్ల అక్కడే మిరపకాయల పక్కన కూలబడిపోయి ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు. అక్క మాత్రం ఏడవలేదు. ఆమెకి ఏడవడానికి కూడా పద్ధతీ వేళా ఉంటాయి. కోడలి భుజం మీద చెయ్యి వేసి, చేతికి ఘాటు అంటుకుని ఉందని గుర్తొచ్చి తీసేసింది.

"లే, మొహం కడుక్కో. ఆ పిల్లలు కూర్చుని ఉంటారు" అంది.

నేను డబ్బాని అరలోంచి పూర్తిగా బయటికి తీసి, గోడకి దూరంగా, వసారాకి అవతలి వైపు మూలన పెట్టాను. కిటికీ మూసి, సందులో తడిగుడ్డ పెట్టాను. ఘాటుని ఆపాలంటే గది కిటికీ దగ్గర ఆపాలి గానీ మిషన్ ముక్కు దగ్గర కాదు. ఇది ఎవరికైనా చెప్పగల మాట. అక్కకి మాత్రం ఆ క్షణంలో చెప్పలేకపోయాను. వెనక చెయ్యి పెట్టి చూశాను. గాలి తోస్తోంది. హోరు తగ్గింది.

ఆ పిల్ల మొహం కడుక్కుని వచ్చి కూర్చుంది. తెర మీద చిన్న చిన్న గళ్ళల్లో పిల్లల మొహాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. అక్క లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడి, నన్ను సైగతో దగ్గరికి పిలిచింది.

"మరి ఇప్పుడు అమ్మాయి వెళ్ళిపోదుగా?" అని అడిగింది, గొంతు బాగా తగ్గించి.

ఎంత తగ్గించినా అది చిన్న గది. నేను జవాబు చెప్పేలోపే కోడలు పిల్ల హెడ్‌ఫోన్ తీసి, కుర్చీలోంచి వెనక్కి తిరిగింది.

"నేనెక్కడికీ పోను అత్తయ్యా. మీరు లోపలికి రండి. అక్కడ ఘాటు."

అక్క కాళ్ళు దులుపుకుని లోపలికి వచ్చింది. మంచం పట్టె మీద కూర్చుంది.